తుక్కు తుక్కు చేద్దాం రా!

మా హాస్టల్లో రాత్రి పదకొండు దాటాక ఏదో రూమ్‌లోంచి "అబ్బా... మళ్ళీ చూపించరా!" అని అరుపులు వినిపిస్తే క్రికెట్ అనుకోకండి. ఎవడో బీమ్‌ఎన్‌జీ డ్రైవ్‌లో కారుని కొండ మీంచి దొర్లించి, స్లో మోషన్‌లో చూస్తున్నాడని అర్థం. గ్రాఫిక్స్ కార్డున్న లాప్‌టాప్ ఒక్కటే, దాని చుట్టూ ఎనిమిది తలకాయలు.

ఈ ఆటలంటే పెద్దవాళ్ళకి (మా క్లాసులో కొందరు బుద్ధిమంతులకి కూడా) చిన్నచూపు. "పగలగొట్టడంలో సరదా ఏంట్రా? రేపు రోడ్డు మీదా ఇలాగే తోలతారు" అంటారు. నేనైతే తిరగేసి చెప్తా. సొట్ట పడని కార్లున్న ఆటలే మనకి అబద్ధం నేర్పుతాయి. చాలా రేసింగ్ గేముల్లో 200 స్పీడులో గోడని రాసుకుంటూ పోయినా నాలుగు నిప్పురవ్వలు, అంతే. మళ్ళీ ఫస్ట్ ప్లేస్!

గుద్దుడు ఆటలు కొత్తవేం కాదు. 1995లోనే డిస్ట్రక్షన్ డెర్బీ వచ్చింది. 2004లో వచ్చిన బర్నౌట్ 3లో జంక్షన్‌లోకి దూసుకెళ్ళి ఎంత నష్టం చేస్తే అంత స్కోరు. అది టపాకాయల సరదా, కాదనను. కానీ బీమ్‌ఎన్‌జీ సరదా వేరు. అందులో కారంటే కొన్ని వందల బిందువులు, వాటిని కలిపే బీమ్‌లు. ఒక్కో బీమ్ ఎంత సాగింది, ఎక్కడ వంగింది, ఎప్పుడు తెగింది అని సెకనుకి 2000 సార్లు లెక్కేస్తుంది. యీల్డ్ పాయింట్ అంటే ఏంటో నాకు బోర్డు మీద గ్రాఫు చూస్తే ఎక్కలేదు, నలిగిన బానెట్ చూస్తే ఎక్కింది.

ఒకసారి పందెం వేసుకుని ఒకే చిన్న కారుని ఒకే గోడకి 40లో, తర్వాత 80లో గుద్దించాం. 40లో బంపర్ పోయింది, రేడియేటర్ కారింది. 80లో? ముందు భాగం ఏదో, లోపలి సీట్లేవో తెలీలేదు. స్పీడు రెండింతలైతే శక్తి నాలుగింతలని ఇంటర్‌లోనే బట్టీ పట్టాం కదా. ఆ రాత్రి మాత్రం రూమ్‌లో కాసేపు ఎవడూ కుయ్యనలేదు.

ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ కారులో మనిషి ఉండడు. డ్రైవర్ సీటు ఖాళీ. అందుకే నవ్వగలుగుతున్నాం. పోయిన సంక్రాంతికి మా పెద్దమ్మ కొడుకు బైకుతో డివైడర్‌ని కొట్టాడు. కాల్లో రాడ్ వేశారు. ఆ తర్వాత నెల రోజులు నేను ఆ రూమ్ వైపు పోలేదు.

అన్నయ్యని చూడ్డానికి వెళ్తే వాడే అడిగాడు, "ఏదిరా, ఆ గుద్దే ఆట?" అని. తప్పించుకోలేక ఫోన్లో ఉన్న క్లిప్ పెట్టా. కారు డివైడర్‌ని కొట్టి పల్టీలు కొట్టేది.

"ఎంతలో కొట్టావ్?"

"అరవై."

"నేనూ అంతేరా" అన్నాడు. కాసేపాగి, మళ్ళీ పెట్టమన్నాడు.