కూర్చోబెట్టి కొలిస్తే ఆయాసం దొరుకుతుందా?

ఊరిగాంలో పాత గని కార్మికుణ్ణి పలకరిస్తే మాటకన్నా ముందు ఆయాసం వినబడుతుంది. ‘కూర్చుంటే బాగానే ఉంటుందయ్యా, మిట్ట ఎక్కితే దమ్ము చాలదు’ అంటారు. ఆస్పత్రికి పోతే వేలికి క్లిప్పు తగిలిస్తారు. అంకె బాగానే కనిపిస్తే ‘ఏమీ లేదు, వెళ్ళిరా’ అని పంపించేస్తారు. ఇది సరైన పరీక్షేనా?

వేలి క్లిప్పు కరోనా రోజుల్లో ఇంటింటికీ తెలిసిపోయింది. 1974లో జపాన్ ఇంజనీరు తకువో అయోయాగి చూపిన దారిలో వచ్చిన పరికరమది. ధమనుల్లోని రక్తం ఎంత ఆక్సిజన్ మోస్తోందో చెబుతుంది. ఆ ఆక్సిజన్‌ను కాలి పిక్క ఎంత వాడుకుంటోందో దానికి తెలియదు. అందుకు ఇప్పుడు వేరే పరికరాలు వచ్చాయి. అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దగా ఉంటాయి. పిక్కకో తొడకో పట్టీతో కట్టుకుంటే చాలు, సూది లేదు, రక్తం తీయడం లేదు. కంటికి కనబడని పరారుణ కాంతి చర్మం దాటి కండరంలోకి పోయి తిరిగి వస్తుంది. ఆక్సిజన్ ఉన్న రక్తం ఒక రకంగా, లేని రక్తం ఇంకో రకంగా ఆ కాంతిని పీల్చుకుంటాయి. ఆ తేడాయే లెక్క. 1977లో ఫ్రాన్స్ యోబ్సిస్ అనే శాస్త్రవేత్త ఈ కాంతితో శరీరం లోపలి ఆక్సిజన్‌ను చూడవచ్చని నిరూపించాడు. నడుస్తుంటే కండరంలో ఆక్సిజన్ ఎంత వేగంగా పడిపోతోంది, ఆగాక ఎంతసేపటికి కోలుకుంటోంది అన్నది తెలుస్తుంది.

వీటిని ఎక్కువగా వాడుతున్నది పరుగు పందేల వాళ్ళు, సైకిల్ పందేల వాళ్ళు. బంగారం తవ్విన కాళ్ళకు ఇంకా అందలేదు! అయినా ఇదేదో మంత్రదండం అనుకోనక్కర్లేదు. చర్మం కింద కొవ్వు మందంగా ఉంటే లెక్క తప్పుతుంది. నల్లని చర్మం మీద కాంతి బలహీనపడుతుంది. లోపం ఊపిరితిత్తులదా, గుండెదా, రక్తనాళాలదా అని అది విడదీసి చెప్పలేదు. సిలికోసిస్‌ను తేల్చేది ఎక్స్‌రే, దానితోపాటు ‘ఎన్నేళ్ళు గనిలో, ఏ పని’ అన్న ప్రశ్న.

ఆ ప్రశ్న ఇక్కడ కొత్తది కాదు. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. బంగారం క్వార్ట్జ్ రాతిలో ఉండేది. ఆ రాతి ధూళే ఊపిరితిత్తుల్లో మచ్చలు కట్టింది. 1940లలోనే ఇక్కడ పరీక్షించిన కార్మికుల్లో నూటికి 40 మందికి పైగా సిలికోసిస్ కనబడింది. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. గని ఆగినా జబ్బు ఆగదు. ధూళి మానేసిన ఏళ్ళ తరువాత కూడా అది ముదురుతుంది.

మచ్చలు పడిన ఊపిరితిత్తులు కూర్చున్నప్పుడు ఎలాగో నెట్టుకొస్తాయి. నడిస్తేనే బండారం బయటపడుతుంది. కొత్త పరికరం వచ్చేదాకా ఎదురు చూడనక్కర్లేదు. ఉన్న క్లిప్పునే పెట్టి మనిషిని 6 నిమిషాలు నడిపించి చూడవచ్చు. కావలసింది ఓ వరండా, గడియారం, పక్కన ఓ నర్సమ్మ. అంకె పడిపోతే ఎక్స్‌రేకు పంపాలి. ఈ మాత్రం మన డాక్టర్లు చేయలేరా?

రాజస్థాన్ 2019లో ఇలాంటి జబ్బులకు ప్రత్యేక విధానమే తెచ్చింది. గని కేంద్రానిది, ఊరు కర్ణాటకది అని ఒకరి మీద ఒకరు తోసుకోకుండా ఇద్దరూ కలిసి ఊరిగాంలో, మారికుప్పంలో నడక పరీక్ష శిబిరాలు పెట్టాలి. కార్మికుల పాత సర్వీసు రికార్డులను ముందు భద్రపరచాలి. పరిహారం అడగబోయే విధవరాలికి చూపించడానికి మిగిలేది ఆ కాగితమే.