లెక్కలు వదిలేసే ముందు

ఇంటర్ పరీక్షల టైంటేబుల్‌ను ఓపిగ్గా చివరిదాకా చదివితే ఒక పంక్తి కనిపిస్తుంది. బ్రిడ్జి కోర్సు గణితం, బైపీసీ విద్యార్థులకు. పత్రికల్లో టైంటేబుల్ అచ్చయినప్పుడు దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. పదో తరగతి దాకా అందరితో పాటు లెక్కలు చేసిన అమ్మాయి బైపీసీ ఫారం నింపిన రోజు నుంచి ఆ పుస్తకం తెరవక్కర్లేదు. ముందుముందు ఎక్కడో అవసరం పడుతుందని మాత్రం బోర్డుకు తెలుసు. అందుకే గోడ తనే కట్టి, పక్కన ఒక నిచ్చెన కూడా వేసింది.

ఆ గోడ ఎప్పటిదో ఒకసారి చూడాలి. 1969-70లో ఆంధ్రప్రదేశ్ ఏడాది పీయూసీని తీసేసి రెండేళ్ల ఇంటర్మీడియట్ పెట్టింది. 1971లో దానికంటూ ఒక బోర్డు ఏర్పడింది. (పీయూసీ అన్న మాట పూర్తిగా పోలేదు. బాసర, నూజివీడు ట్రిపుల్ ఐటీల్లో మొదటి రెండేళ్ల చదువును ఇప్పటికీ అలాగే పిలుస్తారు.) ఎంపీసీ, బైపీసీ, ఎంఈసీ, సీఈసీ, హెచ్ఈసీ అన్న పొడి అక్షరాలు మన ఇళ్లలో ఇంటిపేర్లలా స్థిరపడ్డాయి. వాటికి బిగువు తెచ్చింది మాత్రం 1986లో మొదలైన ఎంసెట్. ఇంజినీరింగ్‌కు ఒక దారి, మెడిసిన్‌కు ఒక దారి. ర్యాంకు వస్తే సీటు, లేకపోతే లాంగ్ టర్మ్. దాంతో గ్రూపు అనేది చదువుకునే విషయాల మూటగా కాక, రాయబోయే పరీక్షకు మారుపేరుగా మిగిలింది. సీఈసీ, హెచ్ఈసీ ‘మార్కులు రానివాళ్ల’ గ్రూపులన్న చిన్నచూపు కూడా అప్పటినుంచే ముదిరింది.

ఆ ఎంసెట్ ఇప్పుడు లేదు. 2017 నుంచి రెండు రాష్ట్రాల్లోనూ ఎంబీబీఎస్ సీట్లు నీట్ ద్వారానే భర్తీ అవుతున్నాయి. మెడిసిన్ పోయాక ‘ఎం’ అక్షరానికి పని లేక పరీక్ష పేరు ఈఏపీసెట్ అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో, తెలంగాణలో 2024లో. 2022లో కేంద్రీయ విశ్వవిద్యాలయాల డిగ్రీ సీట్లకు సీయూఈటీ వచ్చింది. న్యాయవిద్యకు క్లాట్, ఐసర్‌లకు ఐఏటీ, సీఏకు ఫౌండేషన్. దారులు ఇన్ని చీలాయి గానీ ఇంట్లో అడిగే ప్రశ్న మారలేదు. ‘ఎంపీసీయా, బైపీసీయా?’ పదో తరగతి ఫలితాలు రాకముందే ఇంటికొచ్చే కాలేజీ పీఆర్వో అడిగేదీ అదే. ఫీజులో ఎంత కన్సెషన్ ఇస్తారన్నది ఆయన చెబుతాడు, ఆ గ్రూపుతో ఏయే చోట్లకు అర్హత పోతుందో చెప్పడు. అది ఆయన ఉద్యోగం కాదు కూడా.

అర్హత పోయేది ఎక్కువగా లెక్కల దగ్గరే. డాక్టర్ కావాలని బైపీసీలో చేరి, ఏడాది తిరిగేసరికి మనసు మార్చుకున్న అబ్బాయిని తీసుకోండి. ఎన్‌డీఏ రాసి వాయుసేనకో నౌకాదళానికో వెళ్దామంటే భౌతిక, రసాయన శాస్త్రాలతో పాటు లెక్కలూ చదివి ఉండాలి. ఆర్మీ ఒక్కటే మిగులుతుంది. కంప్యూటర్ సైన్స్ బీటెక్ సరేసరి. ఆర్కిటెక్చర్‌కూ లెక్కలు అడుగుతారు. పోనీ సైన్స్ మీద ఇష్టంతో తిరుపతి ఐసర్‌లో చేరదామా అంటే, బైపీసీ వాళ్లు అర్హులే. కాకపోతే ప్రవేశపరీక్షలోని 60 ప్రశ్నల్లో 15 లెక్కలవి. జీవశాస్త్రం బాగా వచ్చిన పిల్లాడు పావు పేపరు వదిలేసుకుని మిగతావాళ్లతో పోటీపడాలి. ఈ రోజుల్లో జీవశాస్త్రంలో పరిశోధనంటే జన్యు సమాచారాన్ని కంప్యూటర్ మీద లెక్కగట్టడం కూడా. బైపీసీ తీసుకుంటే లెక్కల బాధ తప్పుతుందని పిల్లలకు ధైర్యం చెప్పే పెద్దలు ఈ సంగతి గమనించాలి.

ఆర్ట్స్ వైపు ఇదే కథ ఇంకొంచెం నిశ్శబ్దంగా నడుస్తుంది. ఎకనామిక్స్ ఇష్టమని సీఈసీలో చేరిన అమ్మాయి ఢిల్లీ విశ్వవిద్యాలయంలో బీఏ ఎకనామిక్స్ ఆనర్స్‌కు దరఖాస్తు చేయాలనుకుంటే సీయూఈటీలో గణితం రాయాలి. కోల్‌కతా ఐఎస్ఐలో స్టాటిస్టిక్స్ డిగ్రీకి ఇంటర్‌లో లెక్కలు చదివి ఉండాలి. అంటే ఆమె రెండేళ్లు శ్రద్ధగా ఎకనామిక్స్ చదివి కూడా, దేశంలో పేరున్న ఎకనామిక్స్ సీటుకు దూరమవుతుంది. అదే ఎంఈసీ అయితే ఈ చిక్కు రాదు. పైగా ఎంఈసీ వాళ్లు రాసేది ఎంపీసీ వాళ్ల గణితం పేపరే, తేలిక చేసినదేం కాదు. ఎంఈసీ అంటే సీఏ వాళ్ల గ్రూపన్న ముద్ర పడిపోయింది. సీఏ ఫౌండేషన్‌కు నిజానికి ఏ గ్రూపైనా పనికొస్తుంది. క్లాట్‌కూ అంతే. లాయర్ కావాలంటే హెచ్ఈసీయే చదవాలన్న మాట ఎక్కడ పుట్టిందో గానీ ఏ నిబంధనలోనూ లేదు.

అలాగని అందరినీ ఎంపీసీలోకి తోయమని చెప్పడం లేదు. ఇప్పటికే తోస్తున్నారు, ఫలితం చూస్తూనే ఉన్నాం. ఐఐటీల్లో అన్నీ కలిపి సీట్లు 18 వేల పైచిలుకు. జేఈఈ మెయిన్ రాసేవాళ్లు పద్నాలుగు లక్షలకు పైనే. అటు 2025లో నీట్ రాసినవాళ్లు 22 లక్షలు దాటారు, ఎంబీబీఎస్ సీట్లు లక్షా పాతిక వేల ప్రాంతం, అందులో సామాన్యుడికి అందే ప్రభుత్వ సీట్లు సుమారు సగం. ఈ లెక్క ముందు పెట్టుకుంటే, గ్రూపు ఎంచుకునేటప్పుడు ర్యాంకు రాని పక్షంలో ఆ రెండేళ్ల చదువు దేనికి పనికొస్తుందన్నదే అసలు ప్రశ్న. ఎందుకంటే ఎక్కువ మంది చేరేది ఆ పక్షంలోనే. ఆ కొలత మీద చూస్తే భయం వల్ల తప్ప మరో కారణం లేకుండా లెక్కలు వదలడం నష్టమని నా అభిప్రాయం. జీవశాస్త్రం మీద నిజమైన ఇష్టం ఉంటే అది వేరే సంగతి. నర్సింగ్, వ్యవసాయ డిగ్రీ, ఫార్మసీ, మత్స్యశాస్త్రం దాకా బైపీసీకి విశాలమైన దారే ఉంది. ఫార్మసీకైతే ఎంపీసీ వాళ్లనూ తీసుకుంటారు.

గోడలో మొదటి ఇటుక ఈ మధ్యే కదిలింది. ఇంటర్ తర్వాత జీవశాస్త్రాన్ని అదనపు సబ్జెక్టుగా పూర్తిచేసినవాళ్లూ నీట్ రాయొచ్చని 2023 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ ప్రకటించింది. 2025-26 నుంచి ఆంధ్రప్రదేశ్ బోర్డు లెక్కలూ జీవశాస్త్రమూ కలిపి చదివే ఎంబైపీసీని తెచ్చింది. ఫస్టియర్‌తో మొదలుపెట్టి, రెండు పేపర్లుగా ఉన్న గణితాన్ని ఒకటి చేసింది, బోటనీ, జువాలజీలను ఒక్క జీవశాస్త్రంగా కలిపింది. సీబీఎస్ఈ పిల్లలకు ఈ వెసులుబాటు ఎప్పటినుంచో ఉంది. మంచి అడుగే. ఒక్క భయం మాత్రం ఉంది. జేఈఈ, నీట్ రెండింటి మీదా ఆశ పెట్టుకున్న తల్లిదండ్రుల చేతిలో ఎంబైపీసీ పిల్లాడి మీద రెట్టింపు బరువుగా మారకూడదు. రెండు పరీక్షలూ రాయించడానికి కాక, రెండు దారులూ కొన్నాళ్లు తెరిచి ఉంచడానికి దాన్ని వాడుకోవాలి.

కాలేజీలో చేరాక జరిగేది మరో కథ. చేరిన వారం పది రోజుల్లో ఒక పరీక్ష పెట్టి సెక్షన్లు విడగొడతారు. పై సెక్షన్‌కు మంచి లెక్చరర్లు, కింది సెక్షన్‌కు మిగిలినవాళ్లు. గ్రూపు ఎంపిక మీద నెలల తరబడి చర్చించిన ఇంట్లో ఈ సెక్షన్ సంగతి చివరిదాకా తెలియదు. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మృతి కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు జారీచేసిన మార్గదర్శకాల్లో, మార్కుల ఆధారంగా పిల్లల్ని బ్యాచ్‌లుగా వేరుచేయడం సాధ్యమైనంత వరకు మానాలని కూడా ఉంది. చేర్చే ముందు తల్లిదండ్రులు అడగదగిన ప్రశ్న ఇది. మా అబ్బాయిని ఏ లెక్కన ఏ సెక్షన్‌లో వేస్తారు?

ఇంటర్ మార్కుల విలువ కూడా రాష్ట్రానికో తీరుగా ఉంది. తెలంగాణ 2023లో ఎంసెట్ నుంచి ఇంటర్ వెయిటేజీని తీసేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 25 శాతం కొనసాగుతోంది. ఎన్ఐటీ, ఐఐటీ సీటుకు జనరల్ విద్యార్థి ఇంటర్‌లో 75 శాతమైనా తెచ్చుకోవాలి, లేదా బోర్డులో తొలి 20 పర్సంటైల్‌లో ఉండాలి. ఈ మార్కుల వేటలోనే తెలుగు బలైంది. బాగా మార్కులు పడతాయని రెండో భాషగా సంస్కృతం తీసుకుని, ఆ సంస్కృతమూ రాకుండా, ఈ తెలుగూ మిగలకుండా బయటపడే పిల్లల్ని రెండు తరాలుగా చూస్తున్నాం. అది ఏ గ్రూపు లెక్కలోకీ రాని నష్టం.

ప్రభుత్వాలు చేయదగిన పని ఒకటి చెబుతాను. అన్ని ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ఎంఈసీ లేదు. మండల కేంద్రంలో ఉండే పేదింటి అమ్మాయికి లెక్కలూ ఎకనామిక్సూ రెండూ కావాలంటే పట్నం వెళ్లి, ప్రైవేటు కాలేజీలో ఫీజు కట్టాలి. లేదంటే రెంటిలో ఒకటి వదులుకోవాలి. కానీ ఎంపీసీ, సీఈసీ రెండూ నడిచే కాలేజీలో లెక్కల లెక్చరర్ ఉంటారు, ఎకనామిక్స్ లెక్చరర్ ఉంటారు, కామర్స్ లెక్చరర్ ఉంటారు. ఎంఈసీకి కావలసినవాళ్లు ఈ ముగ్గురే. కొత్త పోస్టు అక్కర్లేదు, టైంటేబుల్‌లో పీరియడ్లు సర్దితే చాలు. వచ్చే విద్యా సంవత్సరం అడ్మిషన్ల షెడ్యూలు విడుదల చేసేలోగా రెండు బోర్డులూ ఈ సర్దుబాటు చేయాలి.