జనం మీదికి నెట్టేసిన తీర్పు

మట్టల ఆదివారం హోసన్నా అని కేకలేసిన నోళ్లే శుక్రవారానికి సిలువ వేయమన్నాయట. గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా నడిచే ఏడు మాటల ధ్యానాల్లో ఈ మాట వినపడని ఏడాది ఉండదు. పూడిమడక లాంటి ఊళ్లో ఇది ఇంకాస్త గట్టిగా తగులుతుంది, వినేది వల లాగే జనం కాబట్టి. ఏసు పిలిచిన మొదటివాళ్లు మీలాంటి జాలర్లేనని పొగిడిన బోధకుడే, జనం మాట నీటిమూట అని కాసేపటికి తేల్చేస్తాడు. ఆ వెంటనే రోమా గవర్నరు పిలాతు మీద జాలి: పాపం మంచోడే, వదిలేద్దామనే చూశాడు, గుంపు పడనివ్వలేదు.

ఇందులో మొదటి మాట సువార్తల్లో లేదు. రెండోది సువార్తల్ని సగంలో మూసేస్తే వచ్చేది.

ఆదివారం గుంపూ శుక్రవారం గుంపూ ఒకటేనని నాలుగు సువార్తల్లో ఏ ఒక్కటీ చెప్పదు. చెప్పేది దానికి ఎదురు. పండగ వేళ పట్టుకుంటే జనం తిరగబడతారని పెద్దలు జంకారు. అందుకే రాత్రిపూట, ఊరవతల తోటలో, శిష్యుల్లో ఒకడికి డబ్బు ముట్టజెప్పి పట్టుకున్నారు. జనం కళ్లు తెరిచేసరికి ముద్దాయి గవర్నరు గుమ్మం ముందున్నాడు. అంత పొద్దున్నే అక్కడ ఉన్నది ప్రధాన యాజకులు, వాళ్ల మనుషులు, వాళ్లు ఎగదోసిన వాళ్లు. పస్కా పండక్కి గలిలయ పల్లెల నుంచి నడిచొచ్చిన వాళ్లంతా వచ్చి అక్కడ అరిచారనడానికి ఆధారమేదీ లేదు. సిలువ మోసుకెళ్తున్న మనిషి వెంట పెద్ద గుంపు నడిచిందని, ఆడవాళ్లు ఏడ్చారని, చూడొచ్చినవాళ్లు గుండెలు బాదుకుంటూ తిరిగెళ్లారని లూకా రాశాడు. మన ప్రసంగాల్లో ఈ జనానికి చోటు దొరకదు.

ఆ రాత్రి గలిలయ వాళ్ల బతుకు ఎలా ఉందో పేతురుని చూస్తే తెలుస్తుంది. లోపల విచారణ, బయట వాకిట్లో చలిమంట. ఆ మంట దగ్గర నిలబడి తనకేమీ తెలీదంటున్నాడు జాలరి. మాట తీరుని బట్టే ఏ ప్రాంతం వాడో పక్కవాళ్లు పట్టేశారు. పట్నంలో ఆఫీసు కిటికీ దగ్గర ‘ఏటి సార్’ అని నోరు తెరవగానే ఎగాదిగా చూసే చూపు పూడిమడక వాళ్లకి కొత్త కాదు. పేతురు మీద పడింది ఆ చూపే. యాసకే భయపడి వణికిన వాళ్లు రోమా గవర్నరు మెడలు వంచారంటే నమ్మమంటారా?

ఇక ఆ గవర్నరు. క్రీ.శ. 26 నుంచి 36 దాకా యూదయని ఏలిన పొంతి పిలాతు గుంపుల్ని చూసి బెదిరే రకం కాదు. నీటి కాలవ కోసం ఆలయ ధనం వాడుకున్నాడని జనం గోల చేస్తే, మామూలు బట్టల్లో సైనికుల్ని వాళ్లలోకి పంపి దుడ్డుకర్రలతో బాదించాడని చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. విచారణ లేకుండా చంపించడం అతనికి పరిపాటని ఫైలో గ్రంథంలో ఉంది. చక్రవర్తి బొమ్మలున్న ధ్వజాలు పట్నంలోకి తెచ్చిన విషయంలో ఒకసారి వెనక్కి తగ్గిన మాట నిజమే. అదీ ముందు సైన్యంతో చుట్టుముట్టి, జనం నేలమీద పడి మెడలు చాపాక. ఫైలో, జోసీఫస్ ఇద్దరూ యూదులే, పిలాతంటే గిట్టని వాళ్లే అంటారా? సరే, లూకానే తీయండి. బలులు అర్పిస్తున్న గలిలయుల్ని పిలాతు చంపించిన కబురు 13వ అధ్యాయం మొదట్లోనే ఉంది. చివరికి గెరిజీము కొండ దగ్గర సమరయుల్ని ఊచకోత కోయించినందుకు సిరియా అధిపతి విటెల్లియస్ అతన్ని పదవి నుంచి తప్పించి రోముకి పంపాడు.

యాజకులు పీక మీద కూర్చున్నారు కదా అంటారు. ప్రధాన యాజకుడు కయప చేసిన దాన్ని నేను కప్పిపుచ్చను. కానీ ప్రధాన యాజకుణ్ణి పెట్టేదీ తీసేదీ రోమా అధికారే. పండగ రోజు ఆయన తొడుక్కునే పవిత్ర వస్త్రాలు కూడా ఆ కాలంలో రోమా వాళ్ల కోటలో తాళం కింద ఉండేవి. పిలాతు ఉన్నన్నాళ్లూ కయప పదవిలోనే ఉన్నాడు. ఎవరు ఎవరి చేతికింద ఉన్నారో ఇంతకన్నా విడమరిచి చెప్పాలా!

అసలు విషయం తీర్పులోనే ఉంది. ఈ మనిషిలో తప్పు లేదని పిలాతు మూడుసార్లు అన్నాడని లూకా లెక్క. తప్పు లేదంటూనే కొట్టించి వదిలేస్తానని బేరం పెట్టాడు. తప్పు లేనివాణ్ణి కొట్టించడం ఏ న్యాయం? ఆ మాట అన్నప్పుడే అది కోర్టు కాకుండా పోయింది. ఆ తర్వాత చేతులు కడుక్కున్నాడు. ఆ తంతు ద్వితీయోపదేశకాండం 21వ అధ్యాయంలో ఉంది. పొలంలో శవం దొరికి, చంపిందెవరో తెలియనప్పుడు దగ్గరి ఊరి పెద్దలు చేతులు కడుక్కుని ఈ పాపం మాది కాదనాలి. ఇక్కడ చంపించేదెవరో తెలియకపోవడమేముంది? ఆజ్ఞ ఇచ్చినవాడే నీళ్లు తెప్పించుకున్నాడు.

సిలువ మీద పలక సంగతి చూడండి. హెబ్రీ, లాటిన్, గ్రీకు మూడు భాషల్లో నేరం రాయించాడు. ఆ రాత మార్చమని యాజకులు అడిగితే కుదరదు పొమ్మన్నాడు. ఒక ప్రాణం దగ్గర కుదరని గట్టితనం ఒక పలక దగ్గర ఎలా కుదిరింది?

పిలాతుని వదిలేస్తే మిగిలేది యూదులే చంపారన్న మాట. అది యూరప్‌లో ఎన్ని వందల ఏళ్లు ఎన్ని ఇళ్లు తగలబెట్టించిందో తెలిసిందే. ఆ నిందని యూదులందరి మీదా మోపకూడదని రెండో వాటికన్ మహాసభ 1965లో ప్రకటించింది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు మతం పాటించే తెలుగు కుటుంబాలున్నాయి. మైకులో ఆ మాట అనే ముందు వాళ్లని ఒకసారి తలుచుకోండి. విశ్వాస ప్రమాణం చదివే సంఘాలైతే ఇంకేం వెతకనక్కర్లేదు. అందులో ఏసు కాక ఇద్దరు మనుషుల పేర్లే ఉంటాయి: మరియ, పిలాతు. కయప లేడు, గుంపు లేదు.

పూడిమడకలో గుంపుదే తప్పు, పిలాతు మంచోడే అన్న మాట పట్టుకుని నేను ఇంత గొడవ చేయడానికి కారణం ఉంది. ఫ్యాక్టరీల వ్యర్థ జలాల పైపు గురించి ఇక్కడి జాలర్లు ఆందోళనకి దిగితే వాళ్లూ బయటివాళ్లకి గుంపే. 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేసిన గ్రీన్ హైడ్రోజన్ హబ్ కూడా ఈ ఊరిదే. ఇంకెన్ని సంతకాలు ఈ తీరం మీద పడతాయో. ఆఫీసరు మంచోడే, పైనుంచి ఒత్తిడి అన్న మాట ఊళ్లో ఎటూ ఉంది. దానికి దేవుడి పేరు తగిలించి ప్రసంగపీఠం నుంచి చెప్పడం ఎందుకు?

గుడ్ ఫ్రైడే నాటికల్లో స్టీలు బేసిన్ తెచ్చి పిలాతు చేత చేతులు కడిగించే సీను ఎటూ వేస్తారు. వేయండి. దాని తర్వాత పలక సీను కూడా వేయించండి. యాజకులు వచ్చి రాత మార్చమని అడుగుతారు, పిలాతు కుర్చీలోంచి లేవకుండా కుదరదంటాడు. రెండు నిమిషాల సీను, ఖర్చు ఒక అట్టముక్క.