చుక్క పెట్టింది శాటిలైట్, పేరు పెట్టింది ఎవరు?

కొంచెం పొడుగు పోస్టే, చివరిదాకా చదవండి.

ప్రతి ఎండాకాలం ఇదే కథ. ఫిబ్రవరి నుంచి మే దాకా నల్లమలలో మంటలు లేస్తయి. మ్యాప్ మీద ఎర్ర చుక్కలు చూపిస్తరు. వెంటనే ఇప్పపూల కోసమో, తేనె కోసమో గిరిజనులే నిప్పు పెట్టిన్రని మాట వచ్చేస్తది.

ముందు ఆ చుక్క సంగతి తెలుసుకుందాం. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వాడే విర్స్ పరికరానికి ఒక చుక్క అంటే 375 మీటర్ల గడి. అంటే దాదాపు 35 ఎకరాలు. అందులో అడవి అంచు ఉండొచ్చు, మనోళ్ల రెండెకరాల చెలక ఉండొచ్చు, ఎవరో పారేసిన బీడీ ముక్కతో అంటుకున్న రోడ్డు పక్క గడ్డి ఉండొచ్చు. శాటిలైట్‌కు వేడి కనబడుతది గానీ అగ్గిపుల్ల గీసిన చెయ్యి కనబడదు. పైగా అది మన మీదుగా పోయేది పగలు, రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతంలో. సాయంత్రం నాలుగింటికి అంటుకుని పదింటికి ఆరిన మంట దాని లెక్కకే రాకపోవచ్చు.

మన తప్పు అసలే లేదని మేము అనం. హార్వెస్టర్ కోసిన మడిలో కొయ్యకాళ్లు మనమూ కాలబెడుతున్నం. అది ఆపాలె. కానీ కాలువ కింద వరి కొయ్యలు కాలిస్తే రైతు, అడవి అంచున చెత్త కాలిస్తే అడవి దొంగనా?

ఇక పొగ సంగతి. 2023 జూన్‌లో కెనడా అడవుల పొగ న్యూయార్క్ మీద కమ్మితే ప్రపంచమంతా శాటిలైట్ బొమ్మలు చూసింది. పొగ ఎటు పోతదో అక్కడి జనానికి ముందే చెప్పిన్రు. మన ఇన్సాట్-3డీఆర్ కూడా అరగంటకో బొమ్మ పంపుతది. శాటిలైట్ సమాచారం అందుకునే ఎన్‌ఆర్‌ఎస్‌సీ స్టేషన్ షాద్‌నగర్‌లో, మన పాత పాలమూరు జిల్లాలోనే ఉన్నది. అయినా తిరుమలగిరి తాండాల్లో దగ్గే ముసలోళ్లకు ఇయ్యాల పొగ ఇటొస్తదని చెప్పేటోళ్లు లేరు. పై నుంచి తీసిన బొమ్మలో పొగ ఎత్తున ఉందా, మన ముక్కు దగ్గర ఉందా సరిగ్గా తెల్వదు. దానికి నేల మీద గాలి కొలిచే మిషన్ కావాలె. అవేమో ఎక్కువగా హైదరాబాద్ చుట్టే ఉన్నయి.

నేరం మోపేటప్పుడు గుర్తొచ్చే తాండా, ఆరోగ్యం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు గుర్తుకు రాదు?

మేము అడిగేది మూడే.

1. చుక్కను చూసి కేసు పెట్టొద్దు. నేల మీద విచారణ చేసి గ్రామసభ ముందట పెట్టాలె. అడవిని కాపాడే అధికారం 2006 అటవీ హక్కుల చట్టమే గ్రామసభకు ఇచ్చింది.

2. మంటలు, పొగ సమాచారం తెలుగులో పంచాయతీకి రావాలె.

3. ఆశ్రమ పాఠశాలల్లో గాలి కొలిచే మిషన్లు పెట్టాలె.

మనం చేయాల్సింది కూడా ఉంది. నాసా వాళ్ల ఫర్మ్స్ మ్యాప్ ఉచితం, ఫోన్‌లోనే తెరుచుకుంటది. మన దగ్గర చుక్క పడ్డ రోజు తారీఖు, టైము, గాలి ఎటు వీచింది, కాలింది ఏంది రాసిపెట్టండి, ఫోటో తీయండి. రేపు నింద వచ్చినప్పుడు వాళ్ల మ్యాప్ పక్కన మన నోటుబుక్ కూడా ఉండాలె.

జై సేవాలాల్!