జెర్రిపోతుకు చెక్కపెట్టె ఎందుకే?

అన్నలారా, లాల్‌దర్వాజాల మా సడ్డకుని కొడుకు పాముకు పెట్టె చేసిండు. ప్లైవుడ్డు, ముంగట అద్దం, పక్కలకు గాలి రంధ్రాలు. పనితనానికి వంక లేదు. కానీ అందుల పెట్టింది జెర్రిపోతును! అది ఆ గల్లీల పుట్టలేదు, మనసొంటోళ్ల పొలంగట్టు మీద ఎవడో పట్టి అమ్మిండు.

జెర్రిపోతుకు విషం లేదు. బొరియలల్ల దూరి ఎలుకలను తింటది. వరి పొట్ట మీదున్నప్పుడు ఎలుకలు పిలకలు ఎట్ల కొరుకుతయో మీకు నేను చెప్పాల్నా? పామునమ్మి ఎలుకల మందు కొనుడు ఏం లెక్క?

నాగుపాముకే చట్టం అనుకోకుండ్రి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జెర్రిపోతును పట్టినోనికీ, కొన్నోనికీ కేసే. పెట్టె ఎంత మంచిగున్నా కేసు కేసే. పట్నంల ఇంట్లకు పామొస్తే పట్టనీకి ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఉన్నది. ఊర్ల పాములమ్మేటోడు కనవడితే ఫారెస్టోళ్లకు చెప్పుండ్రి. మనోడే అని ఊకోకుండ్రి, నేనైతే ఊకోను.