పెద్ద రోడ్డూ పల్లె బస్సూ

రోడ్లు, రైళ్లు, టెలిఫోన్లు దేశానికి రక్తనాళాల వంటివని సాంఘిక శాస్త్రంలో చదువుకున్నాం. పరీక్షలో రాసి మార్కులూ తెచ్చుకున్నాం. కానీ ఆ రక్తం మన పల్లెల దాకా వస్తున్నదా అని మాత్రం ఏ ప్రశ్నపత్రమూ అడగలేదు.

శ్రీనగర్ నుంచి కన్యాకుమారి పోయే 44వ నంబరు జాతీయ రహదారి జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు మీదుగానే పోతుంది. పెద్దవాళ్లు ఇప్పటికీ దాన్ని ఏడో నంబరు రోడ్డనే అంటారు. విజయవాడ రోడ్డుకు చౌటుప్పల్, నకిరేకల్, సూర్యాపేటలే దారి. పగలూ రాత్రీ లారీలు పోతూనే ఉంటాయి. మన నేల మీదుగా పోవడం వేరు, మన కోసం ఆగడం వేరు.

ఆనకట్టలు, కాలువలు, రోడ్లు ఎక్కడ కట్టినా తట్టా పారా పట్టుకుని పోయినవాళ్లు పాలమూరు కూలీలు. 'పాలమూరు లేబర్' అని దేశమంతా పేరు పడింది. మరి వాళ్ల సొంత ఊళ్లకు రైలు ఎప్పుడొచ్చింది? మహబూబ్‌నగర్–మునీరాబాద్ లైను 1997–98లో మంజూరైంది. అందులోని జక్లేర్–కృష్ణ భాగాన్ని ప్రారంభించింది 2023 అక్టోబరు 1న. మక్తల్ వాళ్లు రైలు కూత వినడానికి పాతికేళ్లు పట్టిందన్నమాట. మంజూరు చేసిననాడు పుట్టిన పిల్లవాడు అప్పటికి చదువు ముగించి ఏ ముంబైకో వలస పోయి ఉంటాడు.

కొల్లాపూర్ దిక్కు సంగతి ఇంకా బాధాకరం. 2007 జనవరి 18న మంచాలకట్ట దగ్గర కృష్ణలో పడవ మునిగి 61 మంది చనిపోయారు. సోమశిల దగ్గర వంతెనకు కేంద్రం ఆమోదం తెలిపింది 2022 అక్టోబరులో. దాదాపు 1,082 కోట్ల పని. గాజు నడకదారి ఉంటుందని, హైదరాబాదు–తిరుపతి దూరం 80 కిలోమీటర్ల దాకా తగ్గుతుందని గొప్పగా చెప్పారు. సంతోషమే. కానీ ఆనాడు మునిగినవాళ్లు గాజు మీద నడవాలని రాలేదు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేరడమే వాళ్లకు కావలసింది. వంతెన మీద రెండు ఒడ్ల పల్లెలను కలిపే ఆర్టీసీ బస్సు నడుస్తుందా అన్నది నా ప్రశ్న.

టెలిఫోన్ల సంగతీ అంతే. మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం తవ్విన కందకాల్లోనే టీ-ఫైబర్ గొట్టాలు కూడా వేశారు. ఇది నిజంగా తెలివైన పని, మెచ్చుకోవాలి. ఫ్లోరైడ్ బాధ తెలిసిన నల్లగొండకు మంచినీళ్లతో పాటు ఇంటర్నెట్ దారీ దొరికింది. అయితే 2020లో హాస్టళ్లు మూసి పాఠాలు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరిలో చెప్పినప్పుడు, ఇంట్లో టీవీ గానీ మంచి ఫోను గానీ లేని పిల్లలకు ఆ పాఠాలు అందలేదు. తీగ పంచాయతీ ఆఫీసు దాకా వచ్చి ఆగితే చాలదు. సంక్షేమ హాస్టల్ చదువుల గది దాకా రావాలి.

2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు, బాలికలకు ఆర్టీసీలో టికెట్ లేదు. బస్సే రాని ఊరి ఆడపిల్లకు ఆ ఉచితం ఎట్లా అందుతుంది? మనలో చాలామంది హాస్టల్లో చేరడానికి పేదరికం ఒక కారణమైతే, హైస్కూలు వేళకు మన ఊరి నుంచి బస్సు లేకపోవడం ఇంకో కారణం. కొత్త రహదారికి కోట్లు మంజూరు చేసే రోజే, దాని పక్క పల్లెలకు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి బస్సులు కూడా అదే కాగితం మీద మంజూరు చేయాలి. ఆ రెండు బస్సుల ఖర్చు గాజు నడకదారి ఖర్చుకు ఏ మూలకూ రాదు.