నాన్నగారు ఊరికే పడిపోవడం లేదు

ప్రశ్న: మా నాన్నగారికి 78 ఏళ్లు. రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. ఒకప్పుడు మౌలాలి గుట్ట మెట్లన్నీ సునాయాసంగా ఎక్కి దిగేవారు. నాలుగేళ్లుగా మతిమరుపు జబ్బుతో ఉన్నారు. ఈ రెండు నెలల్లో మూడుసార్లు కుప్పకూలిపోయారు. రెండుసార్లు తెల్లవారుజామున బాత్‌రూమ్ దగ్గర, ఒకసారి మధ్యాహ్నం భోంచేసి లేస్తూ. ముఖం పాలిపోతుంది, నిమిషంలో తేరుకుంటారు. ఏమైందని అడిగితే ‘నేనెప్పుడు పడ్డాను?’ అంటారు. బీపీకి, ప్రొస్టేట్‌కు, నిద్రకు, జ్ఞాపకశక్తికి మాత్రలు వాడుతున్నారు. ఈ జబ్బులో ఇంతేనని బంధువులంటున్నారు. ఇక మంచం దిగనివ్వకుండా చూసుకోవడమే మంచిదా?
– ఓ పాఠకురాలు, మౌలాలి, సికింద్రాబాద్

జవాబు: వద్దమ్మా, ఆయన్ని మంచానికి పరిమితం చేయకండి. ‘ఈ జబ్బులో ఇంతే’ అన్న మాటనూ నమ్మకండి. డిమెన్షియా ఉన్నవాళ్లు తమ ఈడువాళ్ల కంటే ఎక్కువగా పడతారన్నది నిజమే. కానీ మీరు రాసిన మూడు సందర్భాల్లోనూ ఆయన పడింది లేచి నిలబడినప్పుడే. అసలు ఆధారం అక్కడే ఉంది.

మనం లేచి నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం పొట్టలోకి, కాళ్లలోకి దిగిపోతుంది. వెంటనే రక్తనాళాలు బిగుసుకుని, గుండె వేగం పెంచుకుని మెదడుకు రక్తం తగ్గకుండా చూస్తాయి. వయసు మీద పడ్డాక ఈ సర్దుబాటు మందగిస్తుంది. నిలబడిన మూడు నిమిషాల్లోపు బీపీలో పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే అది లెక్కలోకి తీసుకోవాల్సిన విషయమే. తెల్లవారుజామున ఈ పడిపోవడం ఎక్కువ. దానికి మూత్ర విసర్జన తోడైతే ఇంకాస్త తగ్గుతుంది. కడుపునిండా అన్నం తిన్నాక రక్తం పేగులవైపు మళ్లడం వల్లా అంతే. మన ఇళ్లలో పెద్దవాళ్లకు బీపీ ఎప్పుడూ కూర్చోబెట్టే చూస్తారు, అందుకే ఇది బయటపడదు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టిన నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడండి. ఇంట్లో డిజిటల్ మిషన్ ఉన్నా చాలు. పక్కన ఒకరు పట్టుకుని ఉండాలి.

ఇక ఆయన మాత్రల డబ్బా. బీపీ మాత్ర సరే, ప్రొస్టేట్‌కు ఇచ్చే టామ్సులోసిన్ లాంటివీ రక్తనాళాలను వదులు చేస్తాయి. నిద్రమాత్ర మత్తు తెల్లారేదాకా ఉంటుంది. అన్నిటికంటే జనానికి తెలియనిది జ్ఞాపకశక్తి కోసం ఇచ్చే డొనెపెజిల్, రివాస్టిగ్మిన్ సంగతి. ఇవి కొందరిలో గుండె వేగాన్ని బాగా తగ్గించి స్పృహ తప్పేలా చేస్తాయి. ఒక్కో మాత్రా ఒక్కో డాక్టరు రాసి ఉంటారు. నాలుగూ కలిసి ఒకే ఒంట్లో ఏం చేస్తున్నాయో చూసేవాళ్లు ఉండరు. అలాగని మీరే ఆపేయకండి. డబ్బా మొత్తం సంచిలో వేసుకుని ఒకే వైద్యుడి ముందు పెట్టండి. మోతాదు తగ్గించడం, వేళ మార్చడం, అవసరం లేనిదాన్ని తీసేయడం ఆయన పని. రైల్వే పింఛనుదారులు గనుక లాలాగూడలోని రైల్వే ఆసుపత్రిలోనే చూపించుకోవచ్చు. ఈసీజీ తప్పనిసరి. నాడి నిమిషానికి 50 కంటే తక్కువ ఉన్నా, కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయినా 24 గంటల హోల్టర్ పరీక్ష అడగండి. గుండె లయ తప్పినట్లు తేలితే పేస్‌మేకర్ అవసరం కావచ్చు.

ఇంకో సంగతి గమనించండి. ఇంట్లో లేని మనుషులో, చిన్నపిల్లలో కనిపిస్తున్నారని చెబుతున్నారా? నిద్రలో అరుస్తూ కాళ్లూ చేతులూ విసురుతున్నారా? ఒకరోజు చక్కగా, మరోరోజు అయోమయంగా ఉంటున్నారా? అయితే అది అల్జీమర్స్ కాక ‘లూయీ బాడీ డిమెన్షియా’ కావచ్చు. పదేపదే పడటం, స్పృహ తప్పడం అందులో సహజ లక్షణాలు. అలాంటివారికి భ్రమలు తగ్గించడానికని హాలోపెరిడాల్ ఇస్తే ప్రమాదం. న్యూరాలజిస్టుకు ఈ మాటలన్నీ చెప్పాలి.

పెద్దాయనకు గుర్తుండదు కాబట్టి సాక్ష్యం మీదే. ఈసారి జరిగితే పడకముందు అర నిమిషంలో ఏం చేస్తున్నారో, రంగు ఎలా మారిందో, ఎంతసేపటికి తేరుకున్నారో కాగితం మీద రాసిపెట్టుకోండి. నాలుక కొరుక్కుని, చాలాసేపు తికమకగా ఉంటే మూర్ఛ అని అనుమానించాలి. రెండు మూడు రోజుల్లోనే కొత్తగా తూలడం మొదలైతే మూత్రంలో ఇన్ఫెక్షన్, నీళ్లు తక్కువ కావడం, సోడియం తగ్గడం, షుగర్ పడిపోవడం చూడాలి. ఎండాకాలంలో దాహమని అడగడం కూడా వీళ్లు మర్చిపోతారు.

పడినప్పుడు లేపి కూర్చోబెట్టకండి. పడుకోబెట్టే కాళ్లు కాస్త ఎత్తండి. పూర్తిగా తేరుకునేదాకా నోట్లో నీళ్లు పోయొద్దు. తలకు దెబ్బ తగిలితే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. పుర్రె లోపల మెల్లగా రక్తం చేరి రెండు మూడు వారాల తర్వాత మగతగానో, ఒక పక్క చేయి లాగినట్లుగానో బయటపడవచ్చు. అప్పుడు సీటీ స్కాన్ ఆలస్యం చేయకూడదు. రక్తం పలచబడే మందులు వాడేవారికైతే దెబ్బ తగిలిన రోజే చేయించాలి.

మంచం మీదే ఉంచితే ఏమవుతుందంటారా? నాలుగు వారాల్లో తొడల కండ తరిగిపోతుంది, నిలబడితే బీపీ ఇంకా పడిపోతుంది. మంచానికి కటకటాలు పెడితే వాటిని దాటబోయి మరింత ఎత్తు నుంచి పడతారు. బదులుగా, లేవగానే మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోబెట్టి పాదాలు ఆడించమనండి. రాత్రి చిన్న దీపం ఉంచండి. కమోడ్ మీద కూర్చునే మూత్రానికి వెళ్లేలా అలవాటు చేయండి. అన్నం కొద్దికొద్దిగా నాలుగుసార్లు పెట్టండి. పాదాలకు తగిలే లుంగీ, జారే హవాయి చెప్పులు మానిపించండి. ఆయన నడుస్తున్నప్పుడు వెనకనుంచి పిలిచి మాట్లాడించవద్దు. డిమెన్షియా ఉన్నవారికి నడక, మాట రెండూ ఒకేసారి సాగించడం కష్టం. గుట్ట మెట్లు ఇక వద్దు గానీ, బీపీ సంగతి తేలాక సాయంత్రంపూట కాలనీలో చదునైన రోడ్డు మీద, ఎవరైనా పక్కనుండి, ఆయన్ని నడిపించండి.